అందరి నడుములూ తొక్కిన కాలు

నడుం పట్టేసిందంటే చాలు, ఏ బస్తా ఎత్తబోయావని అడుగుతారు. నేను మొజంజాహీ మార్కెట్‌లో ఒక పుచ్చకాయ ఎత్తాను. అదీ కొనడానికి కాదు, చెవి దగ్గర పెట్టుకుని కొట్టి చూడడానికి. కాయ పండిందో లేదో తెలియకముందే నా నడుం కలుక్కుమంది. పండ్లవాడే రిక్షా మాట్లాడి నన్ను అందులో వేసి పంపాడు.

పోలీస్ యాక్షన్ అయి కొన్నేళ్లైన కాలం. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. నాంపల్లి స్టేషన్ వెనక, నాలుగు కుటుంబాలు ఉండే ఒక పెద్ద వాకిట్లో కిరాయి వాటా మాది. కండరం బెణికింది, కొన్నాళ్లు మంచం దిగొద్దని దవాఖానలో డాక్టరు అన్నాడు. ఉప్పు కాపడం పెట్టడానికి మా అమ్మ నడుం బిగించింది. నా నడుం దానంతట అదే బిగుసుకుంది.

అంతవరకు బాగానే ఉంది. కోపం మొదలైంది తెల్లారి, ఆదివారం నాడు.

నా భార్య ఎదురుకాళ్లతో పుట్టింది. అంటే తల్లి కడుపులోంచి తలకన్నా ముందు కాళ్లు బయటికొచ్చాయి. అట్లా పుట్టినవాళ్లు ఆదివారం పొద్దున ఎడమకాలితో తొక్కితే నడుం నొప్పి పోతుందని మా ఊళ్ల వైపు నమ్మకం. కొత్తకోడలి ఈ సంగతి మా అమ్మ వాకిలంతా గొప్పగా చెప్పుకుంది. ఇక ప్రతి ఆదివారం మా గుమ్మం ముందు కొన్ని నడుములు బోర్లా పడి ఉండేవి. ఆరోజూ వచ్చారు. పాత సర్కారులో పోలీసు అమీనుగా చేసి బస్తీని గడగడలాడించిన ముసలాయన చాప మీద బోర్లా పడుకుని, "జర మెల్లగ, బేటీ" అంటున్నాడు.

లోపల మంచం మీద నుంచి విన్నాను. "అమ్మా, నన్ను గూడ తొక్కుమను. రేపు పొద్దటికల్ల లేస్త" అన్నాను.

నాకు రేపటితోనే పని. సుల్తాన్ బజార్‌లో ఒక ఆడపిల్లల బడిలో పంతులమ్మ కొలువుకు నా భార్యను సోమవారం వచ్చి కనబడమన్నారు. పెళ్లికి ముందు నుంచీ ఆమెకు అదొక్కటే కోరిక. నా నడుం పట్టేయగానే ఆ ప్రయాణం ఆపడానికి మా అమ్మకు మంచి సందు దొరికింది.

"మొగని మీద కాలు పెడితే కండ్లు పోతయ్ కొడుకా! గసొంటి మాట అనకు."

"అమీను సాబు మీద పెడితే పోవా?"

"ఆయన దాని మొగడా ఏంది?"

"సరే, తొక్కకున్నా మంచిదే. రేపు ఆమెను పోనియ్యి."

"మొగడు మంచంల పడుంటే కొలువుకు పోతదా? నీకు కాపడం ఎవరు పెడ్తరు? నలుగురు ఏమంటరు?"

ఆ నలుగురూ అప్పుడు బయట బోర్లా పడుకుని ఉన్నారు! నాకు ఒళ్లు మండిపోయింది. వాకిట్లో నడుములన్నిటికీ మందైన కాలు నాకు మాత్రం పాపం. ఆ కాలే గడప దాటి బడికి పోతే తప్పు. ఇదంతా అరిచి చెప్పబోయాను. అరవడానికి కూడా నడుం కావాలని అప్పుడే తెలిసింది. సగంలో "అబ్బా!" అని ఆగిపోయాను.

"సూసినవా, ఎంత నొస్తుందో!" అని అమ్మ ఇంకో ఉప్పు మూట వేడి చేసింది.

నా భార్య చివరి నడుం కూడా తొక్కి లోపలికి వచ్చింది.

"అత్తమ్మా, నేను ఈయనను తొక్క. నా కాళ్ల ఏ మందు లేదు. వాళ్లకు తక్కువయ్యేదుంటె దానంతట అదే అయితది. రేపు నేను పోత. నీ కొడుకు యాడికి పోడు, మంచం మీదనె ఉంటడు."

సోమవారం పొద్దున నా భార్య బడికి పోయింది. మా అమ్మ గుమ్మంలో వీపు నాకు తిప్పి కూర్చుంది. కాపడమూ లేదు, మాటా లేదు.

మధ్యాహ్నానికి ఆమె తిరిగి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"పాఠం చెప్పిచ్చుకున్నరు. మంచిగ చెప్పినవన్నరు. కానీ మొగడొచ్చి సమ్మతమేనని పెద్ద పంతులమ్మ ముంగట చెప్పాల్నట. ఇయ్యాల్నే. లేకుంటె ఇంకొకామెకు ఇస్తరట."

"రిక్షా పిలువు" అన్నాను.

"సచ్చిపోతవు కొడుకా!" అంది అమ్మ. నేను వినలేదు. గోడ పట్టుకుని కొడవలిలా వంగి లేచాను. నాంపల్లి నుంచి సుల్తాన్ బజార్ దాకా ఉన్న గుంతలన్నీ నా వెన్నుపూసలతో పేరుపేరునా పరిచయం చేసుకున్నాయి.

అట్లాగే వంగి పెద్ద పంతులమ్మ గదిలోకి వెళ్లాను. ఆమె పాపం మురిసిపోయింది. "అయ్యో, అంత వినయం ఎందుకండీ, కూర్చోండి" అంది.

"వినయం కాదమ్మా, నడుం. పాఠం చెప్పింది ఈమె. విన్నది మీరు. నడుమ నా సమ్మతం దేనికి?"

ఆమె మొహం నాకు కనబడదు, చెప్పులే కనబడుతున్నాయి. నా భార్య వేలితో నా పక్కలో పొడిచింది.

"ఒక్క మాట చెప్పండి. మీకు ఇష్టమేనా, కాదా?" అంది పెద్ద పంతులమ్మ.

"ఇష్టమే!" అని అరిచాను.

"అయితే వచ్చే నెల నుంచి పంపండి" అంది. ఆ మాటైనా నా భార్యతో అనొచ్చు గదా! నాతోనే అంది.

బయటికొచ్చి రిక్షా ఎక్కబోతే కాలు లేవలేదు. పళ్లు కొరుకుతూ నిలబడ్డాను. నా భార్య నవ్వు వినబడింది.

"ఏందయ్యా, సమ్మతం గూడ తిట్టినట్టు చెప్తరా ఎవరన్న?"