పిన్నిగారి ముడతలు, నా కొలాజెన్ క్రీమ్

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన ప్రతివారికీ, లోకంలోని సమస్యలన్నీ తామే తీర్చగలమన్న నమ్మకం ఉండేది. నాకు కాస్త ఎక్కువే. ఫిల్మ్‌నగర్‌లో మా కింది వాటాలో ఒక పిన్నిగారు ఉండేవారు. భర్త పోయాక భీమవరం నుంచి వచ్చి, సినిమాల్లో బామ్మ వేషాలు వేసేవారు (చాలావరకు మంచాన పడ్డ బామ్మలే, మాటలకన్నా దగ్గు ఎక్కువ). ఆ వేషాలే ఆవిడకు ఆధారం. నాకు జ్వరమొస్తే వారం రోజులు చారన్నం పెట్టిన మనిషి. ఆ కృతజ్ఞతతో, సింగపూర్ వెళ్లొచ్చిన మా టీమ్ లీడ్ చేత కొలాజెన్ క్రీమ్ తెప్పించి ఆవిడ చేతిలో పెట్టాను.

"చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ వయసుతో తగ్గుతుందండీ. ఇది రాస్తే మళ్లీ వస్తుంది" అని డబ్బా మీద చదివిందంతా అప్పజెప్పాను. "ముడతలు నిజంగా పోతాయంటావా అమ్మాయ్?" అన్నారు నెమ్మదిగా. అది ఆశ అనుకున్నాను. రోజూ పొద్దున్నే రాసుకున్నారో లేదో చూసి మరీ ఆఫీసుకు వెళ్లేదాన్ని.

మూడు వారాలకు ఆవిడకు పెద్ద వేషం వచ్చింది, ఏకంగా అయిదు డైలాగులు. ఆదివారం కావడంతో జూబ్లీహిల్స్ బంగళాలో షూటింగ్‌కు నేనూ వెళ్లాను. కో-డైరెక్టర్ ఆవిడను చూసి, "ఏంటమ్మా ఇలా నిగనిగలాడుతున్నారు? బామ్మ చావుబతుకుల్లో ఉండాలి. ఇంకొకర్ని పిలుద్దామా?" అన్నాడు. పిన్నిగారు నావైపు తిరిగి, "నా ముఖమే నాకు కూడు పెడుతోందమ్మా. రాయనంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని రాశాను" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్లూ ఆవిడ మొహమాటానికి రాసుకున్నారా!

బోరబండ నుంచి వచ్చే పెద్దాయన ఒకరు అక్కడ మేకప్‌మ్యాన్. ఆవిడ చెంప మీద వేలితో రుద్ది చూసి, "ఏం పూసిన్రు?" అని అడిగాడు. చెప్పాను. "గా క్రీము తోలు లోపలికి యాడ పోతది బిడ్డా? పైననే ఉంటది. జర తేమ పడతది, గంతే. ఫికర్ చెయ్యకు, సబ్బుతోని కడుగుమను" అన్నాడు. పిన్నిగారు ముఖం కడిగి, తుడుచుకుని, అద్దం ముందు నిలబడ్డారు. నుదుటి మీద గీతల్ని వేలితో ఒక్కొక్కటే తడిమి చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి. నాకు ఏడుపొచ్చేసింది. షాట్ ఒక్క టేక్‌లో ఓకే అయింది.

ఇప్పుడు నేనూ క్రీమ్ రాసుకుంటాను, చర్మం పొడిబారకుండా. ముడతలు వాటి దారిన అవి వస్తున్నాయి. అంత మేలు చేయబోయిన ఆనాటి నేను, "మీకు కావాలా పిన్నిగారూ?" అని ఒక్క మాట అడగలేదు కదా అని తలుచుకుంటే, సిగ్గూ నవ్వూ ఒకేసారి వస్తాయి.