రామక్క మూడో కుప్ప

తనకల్లు శనక్కాయల మిల్లులో రామక్క చాట పట్టిందంటే పుచ్చు పప్పులు వాటంతటవే లేచి పక్కకు జరిగేవి. ఇంటరు సగంలో వదిలేసినవాణ్ణి, ఊళ్లో కోతలరాయుణ్ణి. అయినా ఇది మాత్రం కళ్లారా చూశాను.

2003 కరువులో మిల్లుకు కాయ రాలేదు. అప్పుడే మా పక్కింట్లో అద్దెకుండే లెక్చరర్ భరత్‌కుమార్ ఆమెను పనికి పిలిచాడు. ఆయన పరిశోధన వందలాది గెలాక్సీలు కిక్కిరిసిన గుంపుల మీద. ఆ కళ్లద్దాలకు చంద్రుడి మీద చీమైనా కనిపిస్తుంది, చేతిలో ఫోటో మాత్రం కనిపించదు పాపం. రెండు వేల గెలాక్సీల ఫోటోలు ఆమె ముందు పోశాడు.

“నీలంగా, సుడి తిరిగినట్టుంటే ఒక కుప్ప అక్కా. వాటిలో కొత్త నక్షత్రాలు పుడతాంటాయి. ఎర్రగా, నున్నగా ఉంటే ఇంకో కుప్ప. వాటిలో పుట్టేది ఆగిపోయింది.”

రామక్క మూడో కుప్ప పెట్టింది. “ఇవి సుడి తిరిగినాయి, కానీ ఎర్రగా ఉండాయి. యాడ వేసేదప్పా?”

ఫోటోల వెనక రాసుకున్న వేగాల అంకెలు కళ్లద్దాలకు ఆనించుకుని చూసి లెక్చరర్ గంతేశాడు. అవి దాదాపు అన్నీ బయటినుంచి గుంపులోకి పడుతున్నవే. గుంపులోని వేడి వాయువు వాటిలో నక్షత్రాలు పుట్టించే వాయువును ఊడ్చేస్తోంది. రూపం మిగిలింది, పుట్టుక ఆగింది.

“పుస్తకంలో నీ పేరు రాస్తానక్కా” అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె మూడు నెలలు కళ్లు మండేలా ఏరింది.

ఏడాది తిరిగేసరికి మిల్లుకు కాయ వచ్చింది, ఆయనకు డాక్టరేటు వచ్చింది. అట్ట వేసిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఆమె చేతిలో పెట్టి, బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆమెకు చదువు రాదని తెలిసే ఇచ్చాడు.

ఆమె దాన్ని నా దగ్గరికి తెచ్చింది. “నా పేరు యాడుండాదో చదువప్పా.”

కృతజ్ఞతల పేజీలో గైడు ఉన్నాడు, భార్య ఉంది, టైపిస్టూ ఉన్నాడు. రామక్క లేదు. మూడో కుప్ప మీద అధ్యాయం మొత్తం ‘నేను గమనించాను’ అనే ఉంది. ఆమె నా నోటివైపే చూస్తోంది.

“‘తనకల్లు రామక్క చూపు లేకుంటే ఈ పుస్తకమే లేదు’ అని రాసినాడక్కా.”

“ఇంగోసారి చదువు.”

రెండోసారి ‘మహాతల్లి’ అని కూడా చేర్చాను.

నెల తిరక్కుండానే డిగ్రీ చదివే ఆమె మేనకోడలు నందిని ఆ పేజీ చూసింది. రామక్క నేరుగా నేను కూర్చునే టీ కొట్టుకు వచ్చింది.

“రాయలేదంట కదప్పా.”

“లేదక్కా.”

“ఆయప్పకు నేనేమవుతా? పని చేయించుకున్యాడు, పోయినాడు. నువ్వు నా మొగం చూస్తా చదివినావు.”

టీ గ్లాసు కింద పెట్టాను.

“మిల్లులో అందరికీ చెప్పుకున్యా. నువ్వే వచ్చి లేదని చెప్పు.”

వెళ్లాను. చాటలు ఆగాయి.

“రామక్క పేరు ఆ పుస్తకంలో లేదు. నేనే అబద్ధం చదివినా.”

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. “పోప్పా, నువ్వెప్పుడు నిజం చెప్పినావు! ఇదీ కోతే!” అంది పక్కన కూర్చున్న నల్లమ్మ.

రామక్క నవ్వలేదు. చాట దగ్గరికి లాక్కుని, తల వంచి ఏరడం మొదలుపెట్టింది.