మాస్టారి చెంప మీది సొన మచ్చ

మాస్టారు పోయారని విస్సన్నపేట సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ చూసి తెలిసింది నాకు. మొహం చూసి కాదు, కింద పేరు చదివి. పైనున్నాయన ఎవరో తెల్లగా, నున్నగా, ముప్పై ఏళ్ళవాడిలా నవ్వుతున్నాడు. డెబ్భై దాటిన మనిషిని, నాకు బతుకుతెరువు నేర్పిన మనిషిని, నేను ఆనవాలు పట్టలేకపోయాను. ఏడుపు తర్వాతొచ్చింది. ముందు ఒళ్ళు మండింది.

నూజివీడులో ఆయన ఫోటో స్టూడియోలో ఆరేళ్ళు పనిచేశాను. మౌస్ పట్టుకోవడం కూడా రాని నాకు ఫోటోషాప్ నేర్పింది ఆయనే. ఎడమ చెంప మీద చింతగింజంత నల్లటి మచ్చ ఉండేది ఆయనకి. చిన్నప్పుడు మామిడితోటలో రసాలు కోస్తుంటే తొడిమ దగ్గర సొన చిమ్మి చెంప కాలిందట. మా వైపు మామిడి కోతలకెళ్ళే చాలామంది ఒంటి మీద అలాంటి మచ్చలుంటాయి.

పనిలో ఆయనకొక్కటే పట్టింపు. "పది రోజుల్లో పోయే మొటిమైతే తీసెయ్యమ్మాయ్. మనిషితో పాటు ఉండేది ముట్టుకోకు. అది మన సొత్తు కాదు." మొహాన్ని స్క్రీన్ నిండా పెద్దది చేసుకుని ఒక్కో మొటిమనీ విడిగా తీసేవారు. అంతా ఒకేసారి నున్నగా చేస్తే ఒప్పుకునేవారు కాదు. "చర్మం చర్మంలా ఉండాలి. లేకపోతే పిండి అద్దిన అప్పడం" అనేవారు.

ఓసారి రెడ్డిగూడెం నుంచి ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది, సంబంధాలకి పంపడానికి ఫోటో కావాలని. ఆ పిల్ల గడ్డం మీద సొన మచ్చ.

"అది తీసెయ్యండి మాస్టారూ. ఎవరికి తెలుస్తుంది?" అందావిడ.

"రేపు వాళ్ళు ఇంటికొచ్చి, ఫోటోలో పిల్ల ఏదండీ అంటే ఎవర్ని చూపిస్తారమ్మా?" అన్నారు ఈయన.

ఆవిడ విసురుగా లేచి పక్క స్టూడియోకి పోయింది. ఆ పిల్ల మాత్రం గుమ్మం దగ్గర ఆగి, ఆయన చెంప వంక చూసి నవ్వింది. నాకేమో చిరాకేసింది. పెళ్ళిళ్ళ సీజన్లో వచ్చిన బేరాన్ని ఇలా తోలేస్తే షాపు నడిచేదెలా?

అందుకే విస్సన్నపేటలో సొంత స్టూడియో పెట్టగానే, ఫోటోషాప్‌లో ఒక్క నొక్కుతో మొహమంతా తెల్లగా, నున్నగా అయిపోయే బటన్ తయారుచేసుకున్నాను. మచ్చ, ముడత, మొటిమ, అన్నీ మాయం. గొప్పకి పోయి మా వైపు ఎడిటర్లందరికీ వాట్సాప్‌లో పంచిపెట్టాను కూడా. ఓపెనింగుకొచ్చిన మాస్టారు అది చూసి, "త్వరగా అయిపోతోందమ్మాయ్" అన్నారు. అంతే. తిట్టాల్సింది. ఆయన చూపించిన ఆ మర్యాద మీద నాకిప్పటికీ కోపమే.

ఫ్లెక్సీ షాపతన్ని వెళ్ళి నిలదీశాను.

"మీరిచ్చిన బటనే కదక్కా," అన్నాడు బిత్తరపోయి.

"ఒరిజినల్ ఏది?"

"వాళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినదాని మీదే సేవ్ కొట్టేశానక్కా."

ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషికి ఉన్న మంచి ఫోటో అదొక్కటే. ఆధార్ కార్డు మీద మొహమంతా మసి.

పెద్దకర్మ ముందురోజు ఆయన భార్య, నేను పిన్నిగారూ అని పిలిచే ఆవిడ, నా దగ్గరికే వచ్చారు. "ఈ మనిషెవరో నాకు తెలీదమ్మా. దండెయ్యమంటే చెయ్యి రావట్లేదు. ఆయన్ని తెచ్చిపెట్టు," అన్నారు.

"ఇది నా నిర్వాకమే పిన్నిగారూ."

"ఎవరిదైతే ఏంటిలే. ముందు కూర్చుని పని చూడు."

ఆ నున్నటి ఫోటో మీదే ముడతలు వేశాను. రంగు దించాను. మచ్చ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఎడమ చెంపే, కానీ ఎక్కడ? కంటి కిందా, దవడ పక్కనా? ఆరేళ్ళు ఎదురుగా కూర్చుని ఏం చూశానో. నా మీద నాకే అసహ్యమేసింది.

పిన్నిగారు కుర్చీ ముందుకు జరుపుకుని స్క్రీన్ మీద వేలు పెట్టారు. "ఇక్కడమ్మా. కిందకి కాస్త తోకలా జారుతుంది." ఆవిడ వేలు తీసిన చోటే గీశాను. చాలాసేపు చూశారు.

"ఆఁ. ఈయనే," అన్నారు.

ఆ బటన్ తీసేశాను. పంచిపెట్టింది మాత్రం వెనక్కి రాదు. ఆ ఫ్లెక్సీ సెంటర్లో ఇంకా వేలాడుతూనే ఉంది, చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. మానిటర్ మీద పిన్నిగారి వేలిముద్ర జిడ్డుగా అలాగే ఉంది. తుడవలేదు. ఇప్పుడు నేను ఎవరి మొహం పెద్దది చేసినా, చెంప మీద ఆ ముద్ర పడుతోంది.