నీళ్ళు నిలవని చెరువుకు జలహారతి

నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు, ఒక ఆషాఢమాసంలో, నన్ను తుని సబ్‌డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. ఇరిగేషన్ శాఖలో ఈ ఉద్యోగాన్ని పొట్టిగా డీఈ అంటారు. పైనున్న ఈఈ గారు ఆదేశాలిస్తారు, కిందున్న ఏఈలు ఆ ఆదేశాలు ఎందుకు కుదరవో చెబుతారు, మధ్యలో డీఈ సంతకాలు పెడుతుంది. అంతకుముందు సర్వీసంతా రాజమహేంద్రవరం చుట్టుపక్కల డెల్టా కాలువల మీద గడిపినదాన్ని. కాలువలో నీరు మేం వదిలిన రోజున వస్తుంది, కట్టేసిన రోజున ఆగుతుంది. మెట్టప్రాంతపు వాగుకు అంత క్రమశిక్షణ లేదు. కొండ మీద వాన పడిందంటే మనం టీ తాగి లేచేలోపు వచ్చి కూర్చుంటుంది.

ఛార్జి తీసుకున్న వారంలోనే సుబ్బారాయుడు గారు అర్జీ పట్టుకొని వచ్చారు. ఆయన తునిలో బెల్లం హోల్‌సేల్ వ్యాపారం చేసే షావుకారు. కొండ దిగువన ఆయనకో మామిడితోట ఉంది. తోట మీదికి వాగు విరుచుకుపడకుండా వాళ్ళ నాన్నగారు సొంత ఖర్చుతో వాగుకు అడ్డంగా ఒక మట్టికట్ట వేయించారు. ఇప్పుడు ఆ కట్టను ప్రభుత్వం తీసుకోవాలని ఈయన కోరిక. ఉచితంగానే ఇస్తానన్నారు. మా ఆఫీసులో ఎవరైనా ఏదైనా ఉచితంగా ఇస్తామంటే ముందు అనుమానం వస్తుంది కాబట్టి స్వయంగా వెళ్ళి చూశాను.

కట్ట ఎత్తుగా, పొందికగా ఉంది. అడుగున రెండు సిమెంటు గొట్టాల తూములున్నాయి గాని వాటికి తలుపుల్లేవు. అది నీరు నిలవ చేయడానికి కట్టింది కాదు మరి. కొండ మీంచి ఒక్కసారిగా వచ్చిపడే వరదను కట్ట ఆపుతుంది. తూములు తమలో పట్టినంత నీటినే కిందికి పోనిస్తాయి. వాన వెలిశాక అంతా ఖాళీ అయిపోతుంది. తర్వాత వచ్చే వరదకు చోటు కావాలంటే అలా ఖాళీగా ఉండి తీరాలి.

ఊళ్ళోవాళ్ళకు ఈ వాదన ఎక్కలేదు. ఊరి పేరు రాయను, అక్కడ నాకు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంత కట్ట ఉండి చుక్క నీరు లేకపోవడం వాళ్ళకు పెళ్ళికి పిలిచి భోజనం పెట్టకపోవడంలా తోచేది. "షావుకారు గారి ఎండుచెరువు" అని వెక్కిరించేవారు. అదే కట్ట పుణ్యమా అని వాగు పొంగడం మానేసింది గనుక, పాత వాగుదారిలో ఒక కాలనీ కూడా లేచింది. అందులో కట్టకు అన్నిటికంటే దగ్గరిది నూకరత్నం ఇల్లు. ఆవిడ అరుగు మీద ఇడ్లీలు, పెసరట్లు వేసి అమ్ముకుంటూ ఏడాదికో గోడ చొప్పున ఆ ఇల్లు లేపింది. నేను వెళ్ళేసరికి గుమ్మానికి గృహప్రవేశం నాటి మామిడాకులు ఇంకా ఉన్నాయి.

సుబ్బారాయుడు గారి అర్జీ పైకి పంపితే "ఆయకట్టు ఎంత?" అన్న ప్రశ్నతో తిరిగొచ్చింది. ఆయకట్టు అంటే చెరువునీటితో సాగయ్యే భూమి. సున్నా అని రాశాను. ఆయకట్టు లేనిది చెరువు కాదు, చెరువు కానిది మాది కాదు అన్నారు. పోనీ కట్ట తీసేసి నేల చదును చేసుకుంటానని ఆయన అడిగితే, దిగువన జనం ఉన్నారు, వీల్లేదన్నారు.

"మాది కాదంటారు, ముట్టుకోవద్దంటారు. ఇదెక్కడి బేరమండీ మేడమ్ గారూ?" అన్నారాయన. నేను మజ్జిగ తెప్పించాను.

ఆశ్వయుజంలో జలహారతుల సందడి మొదలైంది. నిండిన చెరువుకు పసుపు కుంకుమ, చీర సమర్పించి నాయకులు హారతి ఇస్తారు. మా నియోజకవర్గంలో ఈ పని ఒక పెద్ద నాయకుడు చేసేవారు. పేరెందుకు, పెద్దాయన అందాం. ఊరి సర్పంచి, అంటే అక్కడి మాటలో ప్రెసిడెంటు గారు, తన ఊళ్ళోనూ హారతి ఇప్పించాలని పట్టుబట్టారు. కట్ట రోడ్డుకు దగ్గర, పైన కార్లు నిలుస్తాయి, వెనక కొండ ఉంది, ఫొటోకు దివ్యంగా ఉంటుంది. లోటల్లా నీళ్ళే. ఆ లోటు తీర్చడానికి ఆయన తూములు రెంటిలోనూ ఇసుక బస్తాలు కూరించి, బంకమట్టితో మెత్తించేశారు. నాలుగు వానలు పడేసరికి కట్ట వెనక నీరు తళతళలాడింది. కొంగలు వచ్చాయి. ఊరు ఊరంతా సాయంత్రాలు షికారుకొచ్చింది. నూకరత్నం కట్ట మీద బజ్జీల బండి పెట్టుకుంది, బేరం బాగుందట.

మా ఏఈ నాకు ఈ కబురు ఫొటోతో సహా పంపాడు, చూడ్డానికి చాలా బాగుందండీ అని. నేను పరుగున వెళ్ళి కట్ట దిగువవైపు నడిచాను. ఏళ్ళ తరబడి పొడిగా ఉన్న మట్టికట్టలో ఎలుక బొరియలుంటాయి, ఎండపగుళ్ళుంటాయి. నిండుగా నీళ్ళు పెడితే అడుగున ఊట పుడుతుంది. ఊట తేటగా వస్తే ఫరవాలేదు. బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకొస్తోందని, ఎప్పుడైనా గండి పడవచ్చని అర్థం. ఒకచోట బురదగానే వస్తోంది. అక్కడికి ఎదురుగా నూకరత్నం ఇల్లు కనిపిస్తోంది. ఆ రోజే వాతావరణ శాఖ వాయుగుండం సంగతి చెప్పింది, శుక్రవారానికి తీరం దాటవచ్చని. ఇన్నేళ్ళ సర్వీసులో అంత భయపడింది లేదు.

ప్రైవేటు కట్టకు ప్రమాదముంటే నోటీసు యజమానికివ్వాలని నిబంధన. ఇచ్చాను. "మూసింది వాళ్ళు, ముద్దాయిని నేనా అండీ?" అన్నారు సుబ్బారాయుడు గారు. అయినా నలుగురు కూలీలను తీసుకొని బస్తాలు తీయించడానికి బయల్దేరారు. ఊరి మగాళ్ళు కట్ట మీద బైఠాయించి వెనక్కి పంపేశారు. హారతి కూడా ఆ శుక్రవారమే.

ప్రెసిడెంటు గారికి ఊట చూపించాను. అందులో ప్రమాదమేమీ కనబడటం లేదన్నట్టు చూశారు. "పెద్దాయన్ని పిలిచి ఎండుగోతికి హారతి ఇప్పించమంటారేంటండీ? నా పరువేం కావాలి?" అన్నారు. పైవాళ్ళకు ఫోన్ చేస్తే "అందరినీ సమన్వయం చేసుకోండి" అన్నారు. మా శాఖలో ఆ మాటకు మళ్ళీ ఫోన్ చేయవద్దని అర్థం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

దారి చూపించింది సుబ్బారాయుడు గారే. "ఆయన్ని ఆపొద్దండీ. హారతితోపాటు నీటి విడుదల కూడా ఆయన చేతే చేయించండి. ఒక ఫొటోకి రెండు ఫొటోలు వస్తాయంటే ఎవరు కాదంటారండీ?" అన్నారు. డెల్టాలో ఏటా కాలువలకు నీళ్ళు వదిలేటప్పుడు నేను దగ్గరుండి జరిపించిన తంతే అది. కంగారులో నాకు తట్టలేదు.

పెద్దాయన పీఏకి ఫోన్ చేశాను. నీటి విడుదల అనగానే సంతోషించాడు. కాలనీకి ప్రమాదముంది, కార్యక్రమం శుక్రవారం కంటే ముందే జరపాలని నేనంటే మాత్రం ముహూర్తం కుదరదన్నాడు. శుక్రవారం గాలివానకు షామియానా నిలవదని చెప్పాను. బుధవారం ఉదయానికి మంచి ముహూర్తం దొరికింది.

బుధవారం పెద్దాయన వచ్చారు. హారతి పళ్ళెం నా చేతిలో పెట్టారు, ఇంజనీరునని కాదు, ముత్తైదువనని. కర్పూరం వెలుగుతుంటే నా చూపు మాత్రం కట్ట కిందనే ఉంది. తర్వాత విడుదల. బస్తాలకు కట్టిన తాళ్ళకు బంతిపూలు చుట్టాం. పెద్దాయన తాడు ముట్టుకున్నారు, పక్కనున్న పొక్లెయిన్ లాగింది. తూముల్లోంచి నీరు ఎగిసిపడితే జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరికంటే గట్టిగా. మర్నాడు పేపర్లో "ఆయకట్టు రైతులకు నీటి విడుదల" అని వచ్చింది.

శుక్రవారానికి కట్ట ఖాళీ అయింది. బొరియలు పూడ్పించి, బురద ఊరిన చోట ఇసుక, కంకర పొరలుగా పోయించాను. నీరు బయటికొచ్చినా మట్టి కొట్టుకురాకుండా అది వడగడుతుంది. ఆ రాత్రి మొదలైన వాన శనివారమంతా వదల్లేదు. కట్ట పైఅంచుకు కాస్త దిగువ దాకా నిండింది, పొర్లలేదు. తూములు నిండుగా పారి, ఆదివారానికి మళ్ళీ ఎండుచెరువైంది. కాలనీలో వాగునీరు ఎవరి గడపా తొక్కలేదు.

ఆదివారం నన్ను చూసి నూకరత్నం అరుగు దిగి వచ్చింది. "అన్ని నీళ్ళూ సముద్రంపాలు చేసేశారేంటండీ మేడంగారూ? నా బండి బేరం పోయిందండీ" అంది. వదలకపోతే ఆ నీళ్ళు నీ ఇంట్లోకి వచ్చేవమ్మా అన్నాను.

ఆవిడ నవ్వేసింది. "ఇక్కడికి వాగెందుకొస్తదండీ? నేనొచ్చిన కాణ్ణుంచి ఒక్కసారైనా రాలేదు కదండీ!"

తర్వాత రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది సుబ్బారాయుడు గారికి. పేపర్లో ఆయకట్టు అని పడింది గనుక పైవాళ్ళకు అది చెరువుగా కనిపించింది. కట్టను శాఖ తీసుకుంటుందనీ, నీరు వృథా కాకుండా తూములకు తలుపులు పెడుతుందనీ అందులో ఉంది. ఆయన నా గదిలోనే చదివారు. తలుపులు పెట్టాక మూస్తారా అని అడిగారు. తలుపంటూ ఉన్నాక మూయకుండా ఎవరుంటారన్నాను. కాగితం మడిచి నా బల్ల మీద పెట్టి, "అయితే నా దగ్గరే ఉండనివ్వండి. తిట్లు నాకు అలవాటేగా" అని అర్జీ వెనక్కి తీసుకున్నారు. నాకు ఆయన మీద చాలా గౌరవం కలిగింది. ఆ మాట ఆయనతో అన్నాను కూడా.

రెండోది నాకు వచ్చిన మెమో. నిండిన చెరువులోని నీటిని వృథాగా వదిలేశారని ప్రెసిడెంటు గారు ఫిర్యాదు చేశారు, వివరణ ఇవ్వాలి. మా వృత్తిలో గండి పడితే విచారణ జరుగుతుంది, పడకపోతే ఫిర్యాదు వస్తుంది. రెంటిలో ఏది మేలో ఆ ఊళ్ళో నేర్చుకున్నాను. వివరణ ఒక్క వాక్యంలో రాసి పంపాను: నీరు వృథా అయిన మాట నిజమే.