మూతికి కల్లుగుడ్డ కట్టుకున్న సోమవారం

సోమవారం, పొద్దున పదిన్నర. జగిత్యాల కలెక్టర్ ఆఫీసు గేటు ముందల. సంవత్సరం, తారీఖు అడిగితే చెప్ప. వారం, గంట మాత్రం మర్చిపోలే. గేటు లోపల గోడకున్న గడియారం నాకు ఎదురుంగనే ఉండె, చూడడానికి అదొక్కటే దొరికింది.

నేను అక్షరాలు లేటుగ నేర్చుకున్న. మనుమరాలు బడికి పోవుడు మొదలైనంక నేర్చుకున్న. సుట్టు తిప్పి రాసుడు నాకు రాదు. ఉన్నది ఉన్నట్టు రాస్త.

మా ఊరు మేడిపల్లి దిక్కు. మేం కల్లు గీసేటోళ్లం. ఆ ఏడు ఊరి పెద్దలు పెట్టుకున్న కమిటోళ్లు, కల్లు అమ్ముకోవాల్నంటే ఊరికి పైసలు కట్టాలె అన్నరు. మా ఆయన లేచి, "సర్కారుకు కడుతున్నం. చెట్టెక్కేది మేము, పడి నడుములు ఇరగ్గొట్టుకునేది మేము. మీకెందుకు కడుతం?" అన్నడు. మా కులపోళ్లందరు ఆయన ఎనక నిలబడ్డరు. తెల్లారి డప్పు సాటింపు అయ్యింది.

"ఈ ఇండ్లోళ్లతోని ఎవలు మాట్లాడద్దు. దుకాణంల సామాన్లు ఇయ్యద్దు. కూలికి పిలువద్దు. మాట్లాడినోళ్లకు జుర్మానా."

డప్పు కొట్టినాయన మా గల్లీలకొచ్చేసరికి మెల్లగ కొట్టిండు. తల పైకెత్తలే.

ఉప్పు, పప్పు కోరుట్ల పోయి తెచ్చుకున్నం. తిండికి సావలే. మాట లేకపోవుడే సంపింది. బోరింగు కాడికి పోతే బిందెలు తీసుకొని అందరు పక్కకు జరుగుతరు. తిట్టరు. తిడితే బాగుండు, తిరిగి తిడుదుం. నా ఎనకున్న గోడను చూసినట్టు నా దిక్కు చూస్తరు. కొన్నొద్దులకు నాకే అనుమానమొచ్చింది, నేనున్ననా లేనా అని. ఇంట్లకొచ్చి గిన్నె కిందేసి ఆ సప్పుడు విన్న.

మా పక్కిల్లు ఒక రైతు ఇల్లు. ఆ ఇంటి కోడలు, నేను ఒకరినొకరం వదినె అని పిలుసుకుంటం. ఇద్దరం ఒక్క అరుగు మీద కూసొని బీడీలు చేసినోళ్లం. చాట ఆమె ఒళ్లె ఒకటి, నా ఒళ్లె ఒకటి. నాకు అక్షరాలు నేర్పింది ఆమెనే. ఆకు కత్తిరిస్తే మిగిలిన తునుకలను చాటల పేర్చి, "గిది అ, గిది ఆ, నీ తలకాయ లెక్క గుండ్రంగున్నది ఠ" అంటుండె. నేను తప్పు పేరిస్తే ఊదేసేది. ఆకు తునుకలు ఎగిరిపోతుండె, మళ్ల పేర్వాలె.

సాటింపు అయినంక ఆమె తన అరుగు మీదికి పోయింది. మా నడుమ ఒక గోడ, అంతే. మూడు నాలుగు దినాలు కత్తెర సప్పుడు ఒక్కటే. తర్వాత ఒక పొద్దున గోడవతల మాట ఇనవడ్డది.

"ఓ మ్యాకా! ఇంటి పెద్దాయన రాత్రంత దగ్గుతుండె గద. మిర్యాల కషాయం పెట్టినవా?"

వాళ్లింట్ల ఒక మేక ఉండె. మనుషులతోని మాట్లాడద్దు అన్నరు గని, మేకతోని మాట్లాడద్దనలే.

నేను మా పొయ్యికి చెప్పిన. "ఓ పొయ్యీ, పెట్టిన. తాగితె గద ఆ ముసలోడు."

"ముసలి మ్యాకపోతు," అన్నది ఆమె.

మా ఆయన ఇంట్లకెల్లి, "ఏమే, నన్నేనా అన్నది?" అన్నడు. మస్తు దినాలకు మా ఇంట్ల నవ్వు ఇనవడ్డది.

గట్ల మేకకు, పొయ్యికి నడుమ మా సంసారం నడిచింది. వానొస్తది వడియాలు తియ్యి అని మేకకు చెప్పేది. చిన్నబిడ్డకు పిల్ల పుట్టిందని నేను పొయ్యికి చెప్పిన. గల్లీల ఎవరో ఇన్నరు, కమిటీకి చెప్పిండ్రు. ఆమె పెనిమిటిని పిలిచిండ్రు. ఆమెను కమిటోళ్లు కూసునే గద్దె ముందల నిలబెట్టి, ఇంకోసారి మాట్లాడ అని అందరు వినంగ అనిపిచ్చిండ్రు. జుర్మానా కింద మేక పోయింది. కోరుట్ల అంగడికి తోలుకపోతుంటే అది మా వాకిట్ల నిలబడి ఒర్రింది. ఆ తర్వాత మళ్ల కత్తెర సప్పుడే.

అప్పుడు మావోళ్లు జగిత్యాల పోదమన్నరు. మా మరిది గరం మనిషి. "కమిటీ ఆఫీసు తాళం ఇరగ్గొడుదం," అన్నడు.

"ఇరగ్గొట్టు. రేపు కేసు నీ మీద, నవ్వు వాళ్ల మొగాల మీద," అన్నడు మా ఆయన. "మనకు మాట బంద్ పెట్టిండ్రు గద. గదే తీస్కపోయి కలెక్టర్ సారుకు సూపెడుదం. చెయ్యి లేపద్దు, మాటనద్దు."

నల్లగుడ్డలు కొనలే. కల్లు వడకట్టే గుడ్డలు ఇంటింటికి ఉంటయ్. గవ్వే మూతులకు కట్టుకున్నం. ఎంత ఉతికినా పులుపు వాసన పోదు. నేను ఒక అట్టముక్క మీద బొగ్గుతోని రాసిన: మాతోని మాట్లాడుండ్రి. వదినె నేర్పిన అక్షరాలు, ఒక్కొక్కటి చాటంత పెద్దగ రాసిన.

గేటు ముందల కూసున్నం. పోలీసాయన వచ్చి, "ఏంది, ఏం గావాలె?" అన్నడు. అట్ట సూపెట్టిన. అడిగిందానికల్ల అట్టనే సూపెట్టిన. ఆయనకు కోపం రాలే, తికమక అయ్యిండు.

అంతట్ల మా ఊరి ట్రాక్టర్ వచ్చింది. కమిటీ పెద్దమనిషి ఊరోళ్లను ఎక్కిచ్చుకొని వచ్చిండు, బహిష్కరణ గిట్ట ఏం లేదని సాక్ష్యం చెప్పనీకి. అందరికన్న ముందల వదినె దిగింది. ఆమె పెనిమిటి ఆమె ఎనక.

లోపలికెల్లి ఒక సారు వచ్చిండు. కమిటీ పెద్దమనిషి దండం పెట్టి, "ఊరంత కలిసే ఉంటున్నం సార్. వీళ్లే అలిగిండ్రు," అన్నడు.

"గింతమంది ఒక్కపారే అలిగిండ్రా? మరి మీరు వీళ్లతోని మాట్లాడుతరా?"

"ఎందుకు మాట్లాడం సార్!"

సారు వదినె దిక్కు చూసిండు. "ఏమ్మా, నీ ఇల్లెక్కడ?"

"వాళ్ల పక్కిల్లే సార్," అన్నడు పెద్దమనిషి, ఆమె నోరు తెరువకముందే.

"మంచిదాయె. అయితే ఆ పెద్దమ్మను ఒకసారి పలకరియ్యమ్మా."

ఆ మాట కోసం ఎన్ని నెలల సంది నేను గోడకు చెవి పెట్టి కూసున్ననో నాకే తెలుసు. వదినె అని ఒక్కసారి అంటే సాలు. అన్నదంటే మాత్రం మా పని ఖతం. మాట్లాడుతనే ఉన్నరు గద అని సారు లోపలికి పోతడు, మేం మూతులు కట్టుకొనే ఊరికి పోతం. అనాలె అని నా కడుపు అంటుంది. అనద్దు అని కూడ అదే కడుపు అంటుంది.

"అను. వదినె అను. నోరు పడిపోయిందా?" అని ఎనకకెల్లి ఆమె పెనిమిటి గుసగుస.

ఆమె నా మొగం చూడలే. అట్టను చూసింది. అక్షరం అక్షరం చదివింది, పెదవులు కొద్దిగ కదులుతుంటే చూసిన. తర్వాత ఆ పెదవులు మూసింది. మళ్ల తెరువలే.

"సిగ్గుపడుతుంది సార్," అన్నడు పెద్దమనిషి.

"పక్కింటామెను పలకరిచ్చెటందుకు సిగ్గేందయ్యా? ఇంకెవరన్న పలకరియ్యుండ్రి."

ఒక్కరు కదలలే. పెద్దమనిషి ఎనకకు తిరిగి, "మాట్లాడుండ్రి, నేనే చెప్తున్న గద!" అని ఒర్రిండు. అప్పుడు ట్రాక్టర్ మీద కూసున్న ఒక ముసలమ్మ, చెవులు సరిగ్గ ఇనవడవు, గట్టిగ అన్నది: "ఎట్ల మాట్లాడుతం కొడుకా? డప్పు కొట్టలే గద!"

మా ఊర్ల డప్పు కొట్టి చెప్పింది డప్పు కొట్టి తీసేదాక ఉంటది. నోటి మాటకు విలువ లేదు. కమిటోళ్లు పొద్దున హడావుడిగ ట్రాక్టర్ ఎక్కిచ్చిండ్రు గని, డప్పు సంగతి మర్చిపోయిండ్రు.

సారుకు అంతా సమజయ్యింది.

ఎవరిని కొట్టలే, తిట్టలే, గేటు ముట్టలే. గెలిచినం. రెండు దినాల తర్వాత సారు ఊరికొచ్చి నిలబడి డప్పు కొట్టిచ్చిండు, అందరు మాట్లాడుకోవచ్చని. డప్పు ఆగంగనే బోరింగు కాడ, "అక్కా, మంచిగున్నవా? బక్కగయినవేందే?" అన్నరు. గట్ల టక్కున మాటలొచ్చినయ్. మాట పోయిన దినం కన్న వచ్చిన దినమే నాకు ఎక్కువ భయమైంది. డప్పుతోని వచ్చిన మాట డప్పుతోని పోతది. ఇప్పటికీ నల్లా నీళ్లు రావని సాటింపు ఏసినా నా చేతులు ఆగుతయ్. నిద్రల కత్తెర సప్పుడు ఇనవడుతది.

ఆ మాటలు వచ్చినప్పుడు వదినె ఊర్ల లేదు. ఆమె వల్లనే పరువు పోయిందని పెనిమిటి ఆమెను సిరిసిల్లల బిడ్డ ఇంట్ల దింపొచ్చిండు. పోయేటప్పుడు మా వాకిలి దిక్కు తల తిప్పలే. డప్పు ఇంకా కొట్టలే గద అప్పటికి.

ఒకసారి సిరిసిల్ల పోయిన. ఆ ఇంటికి రెండు దిక్కుల సాంచాలే, గుడ్డ నేసే మిషన్లు, పగలంత దడదడ. ఆమె నన్ను చూసి, "వచ్చినవా ముసలిదానా," అని నా చెయ్యి పట్టుకున్నది. చాయ్ పోసింది. నేను ఆమె చెవికాడ నోరు పెట్టి అడిగిన.

"ఆ దినం ఎందుకు పలకలే వదినె? జుర్మానాకు భయపడ్డవా, మా కోసం ఆగినవా?"

"నువ్వు మూతికి కల్లుగుడ్డ కట్టుకొని కూసుంటివి. నేను పలకరిస్తే నువ్వెట్ల పలుకుతవే?"

"పరాష్కాలు కాదు. నిజం చెప్పు."

"చెప్పిన గద," అన్నది. నవ్వింది. "చాయ్ సల్లారుతుంది, తాగు."

మళ్ల అడగలే. ఇంకోసారి వచ్చినప్పుడు అడుగుదమనుకున్న. పోయిన వానకాలం ఆమె సచ్చిపోయింది. నేను పోయేసరికి ఆమె కోసం చుట్టుపక్కల సాంచాలు బంద్ పెట్టిండ్రు. ఎంత మెల్లగ మాట్లాడినా ఇనవడేటట్టున్నది ఆ గల్లీ.

మా ఆయన అంటడు, "భయపడ్డదే, ఇంకేముంటది." మా మరిది అంటడు, "మన కోసమే." ఇద్దరికీ తెల్వదు. ఆమె నా అట్ట చదువుతుంటే ఆ పెదవులు చూసింది నేనొక్కదాన్నే, నాకూ తెల్వదు. తెల్వకున్నా, ఆమెను ఏ దిక్కు రాయాల్నో ఈ కాయితం మీద నేనే రాస్త.

ఆ సోమవారం ఆ దిక్కున్నోళ్లు: కమిటీ పెద్దమనిషి, వదినె పెనిమిటి, డప్పు మాట అన్న ముసలమ్మ, ట్రాక్టర్ల వచ్చిన ఊరోళ్లు. నడుమ పోలీసాయన, సారు.

మా దిక్కున్నోళ్లు: మా ఆయన. మా మరిది. మరిది భార్య, మా యారాలు. బాలెంత బిడ్డను ఇంట్ల ఇడిసిపెట్టి వచ్చిన నేను. చెట్టు మీదికెల్లి పడి కాలిరిగిన మా బావ, ఆయనను ఎత్తుకొచ్చిన ఇద్దరు కొడుకులు. మా కులపెద్ద, ఆయన భార్య. మా చిన్నత్త. ఎదురుంగ, ట్రాక్టర్ దిగి నిలబడ్డ మా వదినె.