ఆరో కాగితం

పోయిన గురువారం పొద్దున ఫోన్ మోగింది. మా లైబ్రరీ సారు నిద్రలోనే పోయారని ఆయన కూతురు చెప్పింది. నా నోటి వెంట మొదట వచ్చింది "అయ్యో" కాదు. "ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?" అనేశాను. అన్నాక నాలుక్కరుచుకున్నాను. అవతల ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది.

"చూసినక్కా. పక్కనే ఉన్న. గీ మాట ఇంటే నాయన ఎంత ఖుషీ అయితుండెనో."

నిజమే, సంతోషించేవారు. ఆ రెండు ప్రశ్నలూ నాకు నేర్పింది ఆయనే.

ఎల్‌బీ నగర్‌లో ఒక బట్టల షాపు పైన రెండో అంతస్తులో, ఫ్యాక్టరీల్లో కార్మికుల భద్రత, ఆరోగ్యం గురించి డిప్లొమా చెప్పే చిన్న సంస్థ ఉండేది. అందులో చివరి గది లైబ్రరీ. నాలుగు బీరువాలు, రెండు కంప్యూటర్లు, ఒక సారు. పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు ఆయనది. మాది గుంటూరు నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి స్థిరపడిన కుటుంబం. నేను "ఏంటండీ" అంటే ఆయన "ఏందమ్మా" అనేవారు. ఆ గదిలో అంతకు మించిన ప్రాంతీయ విభేదం నేనెప్పుడూ చూడలేదు.

ఆయనకో అలవాటు ఉండేది. చేతికి వచ్చిన ప్రతి పరిశోధన పత్రం మీదా పై మూలన పెన్సిల్‌తో ఒక్క మాట రాసేవారు. ఎవరో చెబితే తెలిసినదైతే "విన్న". మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తాను చదివినదైతే "చదివిన". ఫ్యాక్టరీలో పని జరిగే చోటికి వెళ్లి కళ్లతో చూసి వచ్చినదైతే "చూసిన". పత్రం మొదట్లో ఇచ్చే పది వాక్యాల సారాంశం చదివి "చదివాను సార్" అన్న విద్యార్థి పని అయిపోయినట్టే. "పెండ్లి కార్డు చూసి, పెండ్లి భోజనం చేసినా అంటవేంది?" అని అందరి ముందూ ఆడుకునేవారు.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న ఏడాది నా డిప్లొమాకి చివరి ఏడాది. బడంగ్‌పేట్ వైపు ఒక రాళ్లు కోసే షెడ్డులో ప్రాజెక్టు ఇచ్చారు. గ్రానైట్ కోసే బ్లేడు తిరుగుతుంటే తెల్లటి దుమ్ము లేచేది. పనివాళ్ల కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, మళ్లీ బాగు కావు. ఓనరు దగ్గర రెండు దారులున్నాయి. బ్లేడు మీద నీళ్లు పడేలా పైపు లైను వేయించడం, లేదా అందరికీ గుడ్డ మాస్కులు ఇచ్చి ఊరుకోవడం. ఏది మేలో పరిశోధనలు వెతికి చెప్పడం నా పని.

నేను మహా ఉత్సాహంగా కంప్యూటర్లో "డస్ట్ మాస్క్" అని కొట్టాను. సారు వెనక నిలబడి చూస్తున్నారు.

"గంతేనా? ఒక్క మనిషికే ఇంట్ల ఒక పేరు, బడిల ఒక పేరు, దోస్తుల కాడ ఒక పేరు ఉంటది. దుమ్ముకు ఉండదా? మేస్త్రీ ఏమంటడు, డాక్టరు ఏమంటడు, ఇంజినీరు ఏమంటడు, అన్నీ రాసి అన్నిట్లతోని పిలువు. ఏదో ఒకదానికి పలుకుతది."

విన్నాను కానీ చేయలేదు. ఎందుకంటే నా మొదటి వెతుకులాటకే ఐదు పత్రాలు దొరికాయి. ఐదూ ఒకే మాట చెప్పాయి, గుడ్డ మాస్కు చాలు అని. ఐదుగురు సాక్షులుంటే ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే ఓనరుకి ఫోన్ చేసి మాస్కులు చాలండీ అని చెప్పేశాను. ఆయన అంతకంటే సంతోషంగా పైపు పని ఆపించేశాడు.

మర్నాడు సారుకి ఐదు పత్రాలూ చూపించాను, ఫోన్ సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన వాటిలో దేన్నీ ముందునుంచి చదవలేదు. ప్రతిదానికీ చివరి పేజీ తిప్పి, వాళ్లు ఎవరిని ఆధారం చేసుకున్నారో చూశారు. తర్వాత తెల్లకాగితం మీద ఐదు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క నుంచి గీత గీశారు. ఐదు గీతలూ వెళ్లి ఒకే చోట కలిశాయి.

"అయిదుగురు కాదమ్మా. ఒక్క అయ్య కొడుకులు. అయ్యను చూసినవా?"

ఐదూ ఆధారం చేసుకున్న ఆ ఆరో పత్రం పాతది, మా దగ్గర లేదు. వేరే లైబ్రరీలో ఉన్న స్నేహితుడికి సారు ఉత్తరం రాసి జిరాక్సు పంపమన్నారు. "మా నాయన మగ్గం కాడ దారం చిక్కువడితే తెంపేటోడు కాదు, కొన దొరికేదాంక కూసునేటోడు. జర ఓపిక పట్టు," అన్నారు. ఓపిక పట్టాల్సిన పనిలో నేను అప్పటికే ఫోన్ కొట్టేసి ఉన్నాను. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

జిరాక్సు వచ్చిన రోజు బంద్. సారు ఫోన్ చేసి, "కాయితం నా తాన ఉన్నది, నేను ఎల్‌బీ నగర్ రింగ్ రోడ్డు కాడ వంటావార్పుల ఉన్న, రా," అన్నారు. బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచాను. ఎప్పుడూ హారన్లతో చెవులు పగిలే కొత్తపేట రోడ్డు మీద ఆ రోజు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద ఇటుకలు పేర్చి పొయ్యిలు పెట్టారు. పెద్ద గిన్నెల్లో కిచిడీ ఉడుకుతోంది, డప్పులు మోగుతున్నాయి. సారు డివైడర్ మీద, మెడలో కండువా, ముక్కు మీద కళ్లద్దాలు, చేతిలో నా ఆరో కాగితం.

గరిటె తిప్పుతున్న ఒకావిడ నన్ను పట్టుకుంది. "ఏ ఊరు బిడ్డా మీది?"

నోరు తెరిస్తే యాసలోనే గుంటూరు బయటపడుతుంది. సారు తలెత్తకుండానే అందుకున్నారు. "మా పిల్లనే. రాళ్లు కోసేటోళ్ల దుమ్ము మీద రాస్తున్నది."

"అయితే మా ఇంటాయన పనే! కూసో బిడ్డా, తిను," అని ఆవిడ విస్తరాకు నా ఒళ్లో పెట్టేసింది.

మైకులో ఒకాయన లక్షల మంది వచ్చారంటున్నాడు. సారు చుట్టూ ఓసారి చూసి, "ఎవరు లెక్కవెట్టిన్రు?" అని నా చెవిలో గొణిగి కిసుక్కున నవ్వారు. తెలంగాణ అంటే ప్రాణం ఆయనకి. అయినా తనవాళ్ల మాటకి కూడా "విన్న" అనే రాసుకునే మనిషి.

వేడి కిచిడీ తింటూ ఆరో కాగితం చదివాను. గుడ్డ మాస్కులను నిజంగానే పరీక్షించారు. ఎక్కడ? దూది మిల్లులో. అక్కడ ఎగిరేది పెద్ద పెద్ద దూది నూగు. అదీ ఒక్క షిఫ్టు. రాతి దుమ్ము ప్రస్తావన మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా లేదు. చేతిలో ముద్ద విస్తరాకులో పెట్టేశాను. అప్పుడు చెప్పాను, ఓనరుకి ఫోన్ చేసేశానని, పైపు పని ఆగిపోయిందని.

సారు తిట్టలేదు. మంచినీళ్ల గ్లాసు జరిపారు. "తప్పయిందని చెప్పనీకి ఒక్క పూట సిగ్గైతది. చెప్పకపోతే వాళ్లు రోజూ పీలుస్తరు. రేపు పోదాం."

మర్నాడు ఆయన స్కూటర్ మీద వెళ్లాం. దారంతా ఆయనే ఓనరుతో మాట్లాడతారని నా ఆశ. ఆయన మాత్రం షెడ్డులో ఒక బండరాయి మీద కూర్చుని నన్ను ముందుకు తోశారు. నేను చెప్పాను. ఓనరుకి కోపం వచ్చింది. "మొన్న ఒకటి చెప్తివి, ఇయ్యాల ఒకటి చెప్తివి. రేపు ఇంకోటి చెప్పవని నమ్మకమేంది?"

"మొన్న సరిగా చదవకుండా చెప్పానండీ. ఇవాళ చదివి చెబుతున్నాను," అన్నాను.

అంతవరకూ గోడకానుకుని ఉన్న మేస్త్రీ అడిగాడు. "నీళ్లు పడితే దుమ్ము ఆగుతదా మేడం? నువ్వు చూసినవా?"

"చదివాను. చూడలేదు."

బండరాయి మీద నుంచి సారు పకపకా నవ్వారు. "గీ జవాబు కోసమే కూసున్న. పాండ్రి, చూద్దాం." లేచి ముందు కరెంటు వైర్లన్నీ దూరం జరిపించారు. తర్వాత మేస్త్రీ నీళ్ల పైపు తెచ్చి బ్లేడు మీదికి వదిలాడు. తెల్లటి పొగలా లేచే దుమ్ము బురదై కాళ్ల దగ్గర జారిపోయింది. మేస్త్రీ కనుబొమ్మలు తుడుచుకుని, తుడిచిన వేలిని చూసుకున్నాడు.

అక్కడా సారు సారే. "కండ్లకు కనవడేది తగ్గింది. ఊపిరిల దూరేది కనవడదు. మిషన్ పెట్టి కొలువుండ్రి, దుమ్ముకు తగ్గ మాస్కులు కూడ తెప్పియ్యుండ్రి," అని పట్టుబట్టారు. ఆ నెలలోనే పైపు లైను పడింది, కొలతలూ జరిగాయి. నా రిపోర్టు మీద సారు పై మూలన "చూసిన" అని రాశారు. డిప్లొమా సర్టిఫికెట్ ఎక్కడుందో నాకు గుర్తులేదు కానీ ఆ పేజీ మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది.

ఈ మధ్య ఆరోగ్యం బాగుండక ఇంట్లోనే ఉండేవారు. చుట్టాలు ఫోన్లో పంపే ఆకులు, కషాయాల చిట్కాలన్నిటికీ ఒక నోట్‌బుక్ పెట్టి, పక్కన "విన్న", "విన్న" అని రాసుకున్నారు. "మరి ఆ కషాయం తాగుతున్నారేంటి సార్?" అంటే, "రుచి మంచిగున్నదమ్మా, అది నేను స్వయంగ చూసిన," అన్నారు. ఆయన్ని చివరిసారి చూసింది అప్పుడే.

నిన్న నాగోల్‌లో వాళ్ల ఇంట్లో సంస్మరణ సభ. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు. నేను రెండో అంతస్తులోనే రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాను. కింది నుంచి ఎవరో భుజం మీద నాలుగు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చుకుని వస్తున్నారు. ఆ రాళ్ల షెడ్డు మేస్త్రీ! జుట్టంతా తెల్లబడింది, ఇప్పుడది దుమ్ము కాదు. ఇప్పటికీ అదే షెడ్డులో, అదే బ్లేడు దగ్గర పనట.

"గిక్కడనే ఆగినవేంది మేడం? నడువు," అంటూ నన్ను దాటి, సారు స్కూటర్ గురించి, ఆ రోజు బురదలో జారిన ఓనరు చెప్పు గురించి ఆపకుండా చెబుతూ ఎక్కిపోయాడు. మాట ఎక్కడా తెగలేదు, దగ్గు రాలేదు.

సారు ఉంటే వెంటనే అనేవారు: "ఒక్కడి ముచ్చట రుజువు కాదమ్మా, కాయితంల రాయకు." తెలుసు సార్. అయినా రాస్తున్నాను. మూడో అంతస్తు గుమ్మంలో మేస్త్రీ కుర్చీలు దించి, వాటిని విడదీస్తూ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. కింద మెట్ల మీద ఆయాసపడుతూ నిలబడి, నేను చూసిన.