చొల్లంగి గుప్పెడు మట్టి

కాకినాడ సముద్రపు మట్టిలో విషం చేరిందన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా మనవరాలు. అక్కడే కాలేజీలో చదువుతోంది. నీరు వెనక్కి లాగినప్పుడు తీరం వెంట గొట్టాలు దించి, అడుగు బురద తీసి పరీక్ష చేశారట. సీసం, క్రోమియం, ఇంకా నాకు నోరు తిరగని లోహాలేవో ఉండవలసినదానికంటే ఎక్కువున్నాయట. నీళ్ళు వచ్చి పోతాయిగానీ అమ్మమ్మా, మట్టి దేన్నీ వదలదు అంది. ఆ మాట వింటూనే నేను మా తులసికోట వైపు చూశాను.

నేను బడి మొహం చూసినదాన్ని కాను. నాలుగక్షరాలు మా నాన్నగారు ఇంట్లో దిద్దించారు, తక్కినవన్నీ మా అత్తగారి దగ్గరే నేర్చుకున్నాను. కాపురానికి వచ్చిన ఏడు ఆవిడ నన్ను పుష్య అమావాస్యకి చొల్లంగి స్నానానికి తీసుకెళ్ళి, మునకలయ్యాక, మోకాలి లోతు బురదలో గుల్లలు ఏరుకుంటున్న ఒక పిల్లని కేకేసి, గుప్పెడు మెత్తని ఒండ్రు అడిగి తామరాకులో కట్టించుకున్నారు. ఇంటికొచ్చి అందులో చిటికెడు తులసి మొదట్లో వేసి, సముద్రుడు మనింటికొచ్చాడే అమ్మాయ్ అని మురిసిపోయారు. ఆ పిల్ల ఇంటివాళ్ళు ఏరిన గుల్లలు కాల్చిన సున్నంతోనే మా గోడలు తెల్లబడేవి, మా అత్తగారి తాంబూలం పండేది. ఆ పిల్ల నాకంటే కాస్త పెద్దదని, వదినా అని పిలవమన్నారు అత్తగారు. అత్తగారు పోయాక కూడా ఏటా ఆ గుప్పెడు మట్టి వదిన చేతి మీదుగానే వచ్చింది. దేవుడి దయ, ఆవిడ చలవ.

ఈ ఏడు మనవరాలూ నాతో వచ్చింది. వదిన ఎప్పటిలాగే నవ్వుతూ మట్టి పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. వద్దనడానికి నోరు రాలేదు, ఇంటికి తీసుకెళ్ళడానికి మనసొప్పలేదు. రోడ్డు పక్క కుళాయి దాకా వెళ్ళి, గట్టు వెనక జారవిడిచి, సబ్బు పెట్టి చేతులు తోముకుంటున్నాను. నేను మరిచిపోయిన రాగిచెంబు పట్టుకుని వదిన వెనకాలే వచ్చేసింది.

"దీపం నూనె అంటిందాండీ వదినగారూ? ఉండండి, నే పోస్తాను."

అవునన్నాను. అమావాస్య పూట, తడిబట్టలతో, అబద్ధం. ఆవిడ చెంబుతో పోస్తున్న నీళ్ళు నా చేతుల మీంచి జారి, మోకాళ్ళ దాకా బురద పట్టిన ఆవిడ కాళ్ళ మీదే పడుతున్నాయి.

మనవరాలు ఆగలేక ఉన్నదున్నట్టు చెప్పేసింది. వదిన గట్టు వెనక పడివున్న తామరాకుని చూసింది. తన కాళ్ళు చూసుకుంది.

"అలాగైతే నా కాళ్ళెక్కడ పెట్టుకోమంటావు పాపా?" అని నవ్వి, నీరు ఎక్కిపోతోందంటూ బుట్ట తీసుకుని మళ్ళీ ఆ బురదలోకే దిగిపోయింది. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

అదంతా ఎవరో ఫ్యాక్టరీవాళ్ళ పాపమని సర్దుకుందామనుకున్నాను. మరి మా ఇన్వర్టరు పాత సీసం బ్యాటరీ పట్టుకుపోయినవాడు దాన్ని ఏ కాలవగట్టున పగలగొట్టాడో నేనడిగానా? కాలు తగులుతోంది క్షమించు స్వామీ అని మా అత్తగారు సముద్రానికి దణ్ణం పెట్టాకే అడుగు వేసేవారు. నేనూ పెడుతూనే ఉన్నాను, ఏ మొహంతోనో తెలియదు. ఇప్పుడు మా తులసికి నర్సరీలో కొన్న కవరు మట్టి. పచ్చగానే ఉంది.

నా ఈడువాళ్ళెవరైనా చొల్లంగి వెళితే, మీ పెద్దల్ని తలుచుకుని మునిగాక, ఇంకొక్క మునక మా వదిన పేర వేయండి. ఆవిడ అక్కడే, ఆ బురదలోనే నిలబడి ఉంటుంది.